వేసవి ఖాళీయేగా!

"అమ్మా, ఈ పేజీ మొత్తం కొట్టేయనా?" రైలు కిటికీ పక్కన నా పుస్తకం ప్రూఫులు ఒళ్లో పెట్టుకుని, ఎర్ర పెన్ను తిప్పుతూ అడిగింది మా అమ్మాయి. రివ్యూయర్ గారు కూడా దాదాపు అదే అన్నారు, కాకపోతే కాస్త మర్యాదగా.

క్లాసులు లేకపోతే మాస్టార్లకి పనే ఉండదని చుట్టాలందరి నమ్మకం. "వేసవి ఖాళీయేగా" అని పెళ్లిళ్లకి పిలుస్తారు. వెళ్తాం. ల్యాప్‌టాప్ కూడా వస్తుంది, పెళ్లివారికి లెక్కలో లేని అతిథిలా.

ఇప్పుడు నడుస్తున్నది ఇండెక్స్ పని, అంటే ఏ మాట ఏ పేజీలో ఉందో చెప్పే, పుస్తకం చివర ఉండే పట్టిక. పేజీ నంబర్లు ఖాయమైతే గానీ ఇది మొదలవదు. ఒక్క పేరా పెరిగినా వెనక పేజీలన్నీ జరుగుతాయి, నంబర్లన్నీ తారుమారు. అందుకే పుస్తకంలో ఇది చివరి పని. చివరి పని కాబట్టి సరిగ్గా ప్రయాణాల్లోనే నెత్తిన పడుతుంది.

అందులోనూ ఈ రోజు తలనొప్పి 'క్ష'. కంప్యూటర్ అకారాదిగా సర్దితే అది 'క'లోకి వెళ్లి కూర్చుంటుంది, ఎందుకంటే దానికి క్ష అంటే క కింద ష వత్తు, అంతే. మనం బళ్లో నేర్చుకున్న వర్ణమాలలోనేమో చివర, 'ళ' తర్వాత. 'క్షేత్రం' కోసం పాఠకుడు ఎక్కడ వెతుకుతాడు?

ఎదురు బెర్తుల్లో ఓటింగ్ పెట్టాం. మా అత్తగారు చివరే అన్నారు, మావారు 'క'లోనే అన్నారు. పాప ఆ మాటే కొట్టేద్దాం అంది.

తేల్చుకోలేక ఎడిటర్ గారికి మెయిల్ కొట్టాను. వెంటనే జవాబు: ఆవిడ సెలవులో ఉన్నారట. గడువు మాత్రం సోమవారమే.