గేజీ అంకె, గ్రూపు మాట

2022 జూలై వరదల్లో ఒక రాత్రి మా ఊళ్లో ఎవరూ నిద్రపోలేదు. ధవళేశ్వరం దగ్గర మూడో ప్రమాద హెచ్చరిక ఎగరేసి అప్పటికే చాలాసేపయింది, గోదావరి వశిష్ఠ పాయ గట్టు పైఅంచుకు చేరువగా పారుతోంది, లంకల్లోని వాళ్లు పశువులను తోలుకొచ్చి ఏటిగట్టు మీద కట్టేశారు. అర్ధరాత్రికి కాస్త ముందు ఊరి వాట్సాప్ గ్రూపులోకి గట్టు తెగిపోయిందంటూ ఒక వీడియో వచ్చింది. ఎక్కడి గట్టో, ఎప్పుడు తీసినదో, ఎవరు తీశారో అందులో లేదు. అయినా పావుగంటలో అది ప్రతి ఇంటికీ చేరింది, చంటిపిల్లలతో మూడు కుటుంబాలు చీకట్లో రోడ్డెక్కాయి. గట్టు తెగితే మొదట మునిగేది ఆ రోడ్డే.

ఆ గందరగోళాన్ని ఆపినది మా కాలువ మీద పనిచేసే లస్కరు పంపిన ఒకే ఒక వాక్యం. ధవళేశ్వరంలో ఆ గంటకు నీటిమట్టం ఎంతో, తాను నిలబడిన చోట గట్టు అంచుకు నీరు ఎన్ని అంగుళాల దిగువన ఉందో, అప్పుడు వేళ ఎంతయిందో రాసి, చివర తన పేరు పెట్టాడు. ఆ తరువాత తెల్లవారే వరకు గంటగంటకూ అలాగే రాశాడు. రోడ్డెక్కిన వాళ్లు వెనక్కి వచ్చి బడి మేడ మీదికి చేరారు. అందరూ చూసిన వీడియో మా గట్టుది కానే కాదని పొద్దున్నే తేలింది.

గోదావరి డెల్టాలో పుట్టినవాడికి అంకె అంటే గౌరవం ఉంటుంది. ధవళేశ్వరం దగ్గర 11.75 అడుగులకు మొదటి హెచ్చరిక, 13.75కు రెండోది, 17.75కు మూడోది అని మా పిల్లలకు ఎవరూ ప్రత్యేకంగా నేర్పనక్కరలేదు. భద్రాచలంలో 53 అడుగులు దాటిందంటే ఎంతసేపటికి ఆ నీరు మన రేవు మెట్లెక్కుతుందో పెద్దవాళ్లు వేళ్ల మీద లెక్క కడతారు. 1986 ఆగస్టులో ధవళేశ్వరం దాటిన నీరు 35 లక్షల క్యూసెక్కులు. 2022లో గరిష్ఠ ప్రవాహం 25 లక్షలు దాటింది. ఈ రెండంకెల మధ్య తేడా తెలిసిన మా నాన్నగారు ఆ రాత్రి కంగారు పడలేదు. వీడియో చూసిన నేను మాత్రం పడ్డాను. ముప్ఫై ఏళ్లు బడిలో సాంఘిక శాస్త్రం చెప్పిన నాకు ఊరూ, వేళా, పేరూ లేని కబురును నమ్మకూడదని తెలియక కాదు. చేతిలోని తెర మీద కదిలే బొమ్మకు మనిషిని ముందు కదిలించి తరువాత ఆలోచించనిచ్చే శక్తి ఉంది. ఆ శక్తి వరద రాత్రికే పరిమితం కాదని అంతకు రెండు నెలల ముందే మా జిల్లా చూసింది.

2022 ఏప్రిల్ 4న కోనసీమ జిల్లా ఏర్పడింది. మే నెలలో దానికి డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ కోనసీమ జిల్లాగా పేరు మార్చాలని ప్రభుత్వం ప్రాథమిక ప్రకటన ఇచ్చి, అభ్యంతరాలూ సూచనలూ తెలపడానికి 30 రోజుల గడువు పెట్టింది. రాజ్యాంగాన్ని రాసిన మనిషి పేరు మీద అభ్యంతరం ఏముంటుందో నాకు అప్పుడూ అర్థం కాలేదు, ఇప్పుడూ కాదు. ఉన్నవాళ్లకు కూడా ఒక కాగితం మీద కారణం రాసి, సంతకం చేసి కలెక్టరు కార్యాలయంలో ఇవ్వడానికి నెల రోజుల సమయం ఉంది. ఆ గడువులో వారం తిరగక ముందే, మే 24న, అమలాపురంలో ఒక మంత్రి ఇల్లూ ఒక శాసనసభ్యుడి ఇల్లూ తగలబడ్డాయి. జనాన్ని ఒకచోటికి చేర్చడంలో వాట్సాప్ సందేశాల పాత్ర ఉందని పోలీసులు చెప్పారు. ఆ రోజుల్లో నాకు చేరిన సందేశాల్లో చాలావాటి కింద రాసినవారి పేరు లేదు. కాగితం మీద ఇచ్చే అభ్యంతరానికి పేరు కావాలి, కారణం కావాలి, రేపు ఎవరైనా అడిగితే జవాబు కావాలి. ఫార్వర్డుకు ఇవేవీ అక్కరలేదు కాబట్టే అది కాగితం కంటే ముందు వీధిలోకి వచ్చింది.

తరువాత ఇంటర్నెట్ ఆపేశారు. ఇంటి నుంచి పనిచేసే సాఫ్ట్‌వేర్ పిల్లలు ల్యాప్‌టాప్‌లు పట్టుకొని గోదావరి దాటి సిగ్నల్ దొరికే చోటికి వెళ్లడం, కిరాణా కొట్లో ఫోన్‌పే పనిచేయక నోట్ల కోసం తడుముకోవడం, అన్నీ చూశాను. నిప్పంటుకున్న మొదటి గంటల్లో ఆపడాన్ని నేను తప్పుపట్టను. అది రోజుల తరబడి సాగినప్పుడు మాత్రం, పుకారుతో పాటు పుకారును ఖండించే మార్గం కూడా మూసుకుపోయింది. మా ఊరి టీకొట్టు అరుగు మీద ఆ వారం రోజులు విన్నన్ని అబద్ధాలు నేను ఫోన్‌లో కూడా చదవలేదు. నిరవధికంగా ఇంటర్నెట్‌ను నిలిపివేయడం కుదరదనీ, నిలిపివేత ఉత్తర్వులను ప్రజలకు ప్రకటించాలనీ సుప్రీంకోర్టు 2020 జనవరి 10న చెప్పింది. మా జిల్లా నిలిపివేత ఉత్తర్వు ప్రతిని పంచాయతీ కార్యాలయం గోడ మీద అంటిస్తే ఎంత బాగుండేదో అని అప్పుడే అనుకున్నాను. ఎందుకు ఆపారో, ఎప్పటి వరకు ఆపారో తెలిస్తే అరుగు మీది ఊహలకు అంత బలం ఉండేది కాదు.

ఒక మెసేజ్‌ను ఒకేసారి అయిదుగురికి మించి పంపకుండా వాట్సాప్ 2018లో మన దేశంలో హద్దు పెట్టింది. పదేపదే చేతులు మారిన మెసేజ్‌ను ఒక్కసారికి ఒక్కరికే పంపగలిగేలా 2020లో ఇంకా బిగించింది. వేగం తగ్గింది గాని, పేరు లేకపోవడం అలాగే ఉంది. ఇదే గోదావరి ఒడ్డున వీరేశలింగం పంతులు గారు 1874లో వివేకవర్ధని పత్రిక ప్రారంభించి, అధికారుల లంచగొండితనాన్ని అందులో ఎండగట్టినప్పుడు, రాసింది ఎవరో ఊరందరికీ తెలుసు. కోపం వచ్చినవాడు నేరుగా ఆయన గుమ్మం ముందుకే రాగలడు. అక్షరాన్ని అచ్చువేసినవాడే దానికి పూచీ పడడం వల్ల ఆ అక్షరానికి బరువు వచ్చిందని నా నమ్మకం.

2011 సార్వాలో, అంటే ఖరీఫ్‌లో, కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించినప్పుడు నా చుట్టుపక్కల స్మార్ట్‌ఫోన్ ఉన్న రైతు ఒక్కరూ లేరు. ఊరూరా కొబ్బరితోటల్లో కూర్చొని, ఎకరానికి పెట్టుబడి ఎంత, మద్దతు ధర ఎంత, కూలి ఎంత అని లెక్కలు వేసుకొని, వాదించుకొని, అలిగి లేచిపోయి, మళ్లీ వచ్చి కూర్చొని తీసుకున్న నిర్ణయం అది. నాట్లు వేయకుండా వేల ఎకరాలను బీడు పెట్టడం తేలిక కాదు. అందుకే ప్రభుత్వం మోహన్ కందా కమిటీని వేయవలసి వచ్చింది. ఫోన్ లేని కాలమే మంచిదని నేను అనను, ఎందుకంటే ఆ తోటల్లో కౌలు రైతులు వెనక నిలబడేవారు, ఆడవాళ్లు అసలు కనపడేవారు కాదు. ఫోన్ వచ్చాక ఆ లోటు తీరుతుందని ఆశపడ్డాను. మా మురుగు కాలువ సంగతి ఆ ఆశను సరిదిద్దింది.

మూడేళ్ల కిందట సార్వాలో మా శివారు చేలల్లో తొమ్మిది రోజులు నీరు నిలిచి నాట్లు కుళ్లిపోయాయి. గ్రూపులో ఫోటోలు పెట్టాం. గుర్రపు డెక్క అల్లుకుపోయిన కాలువ ఫోటోకు వందకు పైగా బొటనవేళ్లు వచ్చాయి. పూడిక తీయని శాఖను అందరం తిట్టాం, నేను కూడా పెద్ద వ్యాసమే రాశాను. గుర్రపు డెక్కే కారణమని ఊరంతా ఒక్కమాట మీద ఉన్నట్టు అనిపించింది. ఆ ఏడాది గ్రామసభలో శివారు నుంచి వచ్చిన ఒక కౌలు రైతు భార్య వెనక వరుసలో నుంచి లేచి, "మాస్టారూ, డెక్క కాదండీ, చెరువు పక్కన తూము మూసేశారండి, నీళ్లు అక్కడే ఆగిపోతన్నాయండి" అని చెప్పే వరకు అసలు కారణం నాకు తెలియదు. ఆమెకు ఫోన్ లేదు. ఇంట్లో ఉన్న ఒక్క ఫోన్ కొడుకుతో పాటు హైదరాబాద్ వెళ్లింది. రొయ్యల చెరువుల వాళ్లు మా గ్రూపులో ఉన్నారు, తూము సంగతి తెలిసిన మరికొందరూ ఉన్నారు, పొద్దున లేస్తే ముఖాలు చూసుకోవాలి గనుక అందరూ డెక్క ఫోటోకు బొటనవేలు పెట్టి ఊరుకున్నారు. తెలిసినవాళ్లు నోరు మెదపకపోవడం, తెలిసిన మరొకరు అసలు అందులో లేకపోవడం, ఈ రెండూ కలిసి ఊరి అభిప్రాయంగా నాకు కనిపించాయి.

పంచాయతీరాజ్ చట్టం ప్రకారం ఏడాదికి కనీసం రెండుసార్లు గ్రామసభ జరగాలి. 2024 ఆగస్టు 23న రాష్ట్రంలోని 13,326 పంచాయతీల్లో ఒకే రోజు సభలు జరిగాయి. 2025 జనవరి 30న మొదలైన ప్రభుత్వ వాట్సాప్ సేవ మన మిత్ర ద్వారా ధ్రువపత్రాలూ వినతులూ వాట్సాప్‌లోనే వెళుతున్నాయి, మొదటి రోజే 161 సేవలు పెట్టారు. ఇది నిజమైన మేలు, మండలానికి రెండు బస్సులు మారి వెళ్లే శ్రమ తప్పింది. అయితే వినతి పంపడం ఒక మనిషి పని. తూము ఎవరి చెరువు పక్కన ఉందో పదిమంది ఎదుట చెప్పడం, చెప్పినదాన్ని తీర్మానంగా రాయించడం, దాని కింద సంతకాలు పెట్టడం ఊరి పని.

ఆ కౌలు రైతు భార్య లేచి మాట్లాడిన సభలో తూము మీద తీర్మానం రాశారు. నకలును డ్రైనేజీ విభాగానికి పంపి, ఫోటో తీసి గ్రూపులోనూ పెట్టాం. ఈసారి బొటనవేళ్లు పదకొండే వచ్చాయి. రెండు నెలలు పట్టింది, ఇద్దరు పెద్దమనుషులు మాతో మాట్లాడడం మానేశారు, తూము తెరుచుకుంది. మరుసటి సార్వాలో నీరు మూడు రోజుల్లో లాగేసింది. డెక్క మాత్రం ఇప్పటికీ అలాగే ఉంది, దాని కోసం ఇంకా తిరుగుతున్నాం.

ఇప్పుడు గ్రామసభకు ముందు నేనూ మరో ఇద్దరమూ నోటు పుస్తకం పట్టుకొని శివారు ఇళ్లకు వెళుతున్నాం. గ్రూపులో లేనివాళ్లు ఏం చెప్పారో తేదీతో రాసుకొని, వాళ్లు ఒప్పుకుంటే పేర్లతోనే గ్రూపులో పెడుతున్నాం. మొన్నటి సభకు ఆ కౌలు రైతు భార్య మరో ఆరుగురిని వెంటబెట్టుకొని వచ్చింది. తూము దగ్గర నీటి లోతు ఏ రోజు ఎంత ఉందో కత్తితో గాట్లు పెట్టిన వెదురు కర్ర ఒకటి ఆమె చేతిలో ఉంది. కార్యదర్శి గారు దాన్ని అందుకొని, ఒక్కొక్క గాటు ఏ తేదీదో ఆమెను అడిగి తెలుసుకుంటూ రిజిస్టరులో ఎక్కించారు.