భయభక్తుల్లో భయం పాలెంత?

"అమ్మీ, అల్లాహ్ ఎప్పుడూ కోపంగానే ఉంటాడా?"

తొమ్మిదేళ్ల పిల్ల ఇలా అడిగిందంటే, ఇంట్లో అల్లాహ్ పేరు ఏయే సందర్భాల్లో వినిపిస్తోందో ఒకసారి వెతుక్కోవాలి. అబద్ధమాడినప్పుడు, ఫజర్ (తెల్లవారుజాము) నమాజ్‌కి లేవనప్పుడు, స్నేహితురాలింట్లో రాత్రి ఉంటానన్నప్పుడు. ఆ మూడోదాంట్లో భయం మనది. పిల్ల చేయి దాటిపోతుందన్న బెంగకి అల్లాహ్ పేరు తగిలించాం. నమాజ్ విషయంలో చూపే ఓపిక ఇక్కడ ఎందుకుండదో నాకూ జవాబు లేదు.

తఖ్వాని తెలుగులో భయభక్తులు అంటాం. అరబీ ధాతువులో ఉన్నది కాపాడుకోవడం. ఇంగ్లీషులో ఆలోచించే పిల్లల దగ్గరికి వెళ్లేసరికి భక్తి రాలిపోయి భయమే మిగులుతుంది. పులికి భయపడితే పారిపోతాం. ఖుర్ఆన్ మాత్రం "అల్లాహ్ వైపుకే పరుగెత్తండి" (51:50) అంటుంది. తప్పు చేసిన పిల్ల దాచేస్తోందా, వచ్చి చెబుతోందా అన్నదాన్ని బట్టి ఆ పిల్లలో ఏ భయం నాటామో తెలిసిపోతుంది.

అసలు చిక్కు కంఠస్థంలో ఉంది. మొదట నేర్పేవి ఖుర్ఆన్ 30వ జుజ్ (భాగం)లోని చిన్న సూరాలు (అధ్యాయాలు). జిల్‌జాల్, ఖారిఅ, హుమజ, అన్నీ ప్రళయం, లెక్క, నిప్పు. ఉచ్చారణ దిద్ది అర్థం వదిలేస్తే, ఆ అర్థం ఎప్పుడో ఫోన్‌లో ఒంటరిగా చదివి హడలిపోతారు. పక్కన కూర్చుని మనమే చెప్పాలి. జిల్‌జాల్ చివర అణువంత మంచి ముందు వస్తుంది, అణువంత చెడు ఆ తర్వాత. అదే వారం జుహా సూరా (93) కూడా మొదలుపెట్టండి: "నీ ప్రభువు నిన్ను విడిచిపెట్టలేదు." యుక్తవయసు వచ్చేదాకా పిల్లల మీద కలం ఎత్తేసి ఉంటుందన్న, అంటే వాళ్ల తప్పులు రాయరన్న హదీసు (ప్రవక్త మాట) తప్పకుండా చెప్పండి. నరకం గురించి విన్న పిల్లలు ఈ మాట వినకుండానే పెరిగిపోతారు.

భయం మోతాదు మించితే వుజూ (నమాజ్‌కి ముందు కాళ్లూ చేతులూ ముఖం కడుక్కోవడం) దగ్గర బయటపడుతుంది. కడిగిందే కడుగుతారు, వుజూ పోయిందేమోనని మళ్లీ వెళతారు. అప్పుడు గద్దించకూడదు, నియమం చెప్పాలి. ఏ అవయవమైనా మూడుసార్లకి మించి కడగనక్కర్లేదు. వట్టి అనుమానంతో వుజూ పోదు. నమాజ్‌లో రకాతుల (ఆవృత్తుల) లెక్క తప్పితే తక్కువ సంఖ్యే తీసుకుని, చివర్లో రెండు సజ్దాలు (సాష్టాంగాలు) చేస్తే సరిపోతుంది. ధర్మంలోనే ఇంత వెసులుబాటుందని వినగానే పిల్లల భుజాలు దిగుతాయి.

అలాగని నరకం మాటే ఎత్తకుండా పెంచొచ్చా? హిజ్ర్ సూరాలో (15:49-50) నేను క్షమించేవాణ్నని నా దాసులకు చెప్పు అన్న వెంటనే, నా శిక్ష బాధాకరమని కూడా చెప్పు అని ఉంది. మొదటి ఆయతు (వాక్యం) చదివి ఆగిపోవాలని మనసు లాగుతుంది. రెండోదాన్ని ఏ రోజు, ఏ గొంతుతో చదివి వినిపించాలో ఆ పిల్ల ముఖం చూసే తేల్చుకోవాలి. ఒక్కోరోజు ఆ ముఖం చూశాక పుస్తకం మూసేయాల్సి వస్తుంది.