ఫ్లోసెల్ కడిగితే తప్పేంటి?

"వాడేసిన ఫ్లోసెల్‌ను కడుగుతూ కూర్చోకు, ఫ్రిజ్‌లో కొత్తది ఉంది తీసుకో." జర్మనీ ల్యాబులో ఈ మాట పడితే హైదరాబాద్‌లో తార్నాక, హబ్సిగూడ వైపు ల్యాబుల్లో పనిచేసి వచ్చినవాళ్లకు చురుక్కుమంటుంది. మన దగ్గర ఒక ఫ్లోసెల్ (డీఎన్ఏ చదివే యంత్రంలో పెట్టే చిప్పు) రావాలంటే ఇండెంటు, కొటేషన్లు, కస్టమ్స్ అన్నీ దాటాలి. ఆ చల్లపెట్టె శంషాబాద్‌లో ఎండన పడి ఉందేమోనన్న బెంగ ఒకటి. ఇక్కడివాళ్లకు ఆ బాధ తెలీదు కాబట్టి మన పొదుపు పీనాసితనంలా కనిపిస్తుంది. సరే, అననీ. సముద్రంలో పోగులుగా తేలే సయనోబాక్టీరియా ట్రైకోడెస్మియం విషయంలో మాత్రం లెక్క మనవైపే ఉంది.

ట్రైకోడెస్మియం ఎరిత్రేయం జీనోమ్ సుమారు 77.5 లక్షల బేసులు (డీఎన్ఏ అక్షరాలు). 50 రెట్ల కవరేజీకి, అంటే ఒక్కో బేసును సగటున 50 సార్లు చదవడానికి, 39 కోట్ల బేసులు చాలు. కల్చర్‌లోని డీఎన్ఏలో సగం దాన్ని అంటిపెట్టుకున్న వేరే బాక్టీరియాదే అనుకున్నా 78 కోట్లు. బాగా నడిచే మినయాన్ (చిన్న డీఎన్ఏ సీక్వెన్సర్) ఫ్లోసెల్ అంతకు ఎన్నో రెట్లు ఇస్తుంది. మరి ఒక్క కల్చర్‌కే దాన్ని బలిపెట్టడం దేనికి? డీఎన్ఏను కోసే ఎంజైమ్ డీఎన్ఏజ్ ఉన్న వాష్ కిట్‌తో కడిగి, స్టోరేజ్ బఫర్ నింపి 4 డిగ్రీల్లో పెట్టుకోవచ్చు. మళ్లీ ఎక్కించే ముందు డీఎన్ఏను చదివే సన్న రంధ్రాలు, అంటే పోర్లు, ఎన్ని బతికున్నాయో చూసుకోవాలి. పాత లైబ్రరీ (చదవడానికి సిద్ధం చేసి ఎక్కించిన డీఎన్ఏ) కొద్దిగా మిగిలిపోతుంది కనుక రెండోసారి బార్‌కోడ్ (ఏ నమూనాదో చెప్పే డీఎన్ఏ గుర్తు) మార్చి తీరాలి.

అయితే డీఎన్ఏజ్ కోసేది డీఎన్ఏనే, జిగురును కాదు. ఈ సయనోబాక్టీరియా పాలీశాకరైడ్లు బెండకాయ జిగురులాంటివి, ఒకసారి పోర్లకు పట్టాయంటే కడిగినా లాభం లేదు. కాబట్టి అసలు పొదుపు మొదలయ్యేది వడపోత దగ్గర.

ఇంక్యుబేటర్‌లో లైటు వెలగగానే, అంటే వాటి తెల్లవారుజామునే, కల్చర్‌ను వడపోతకు తియ్యాలి. పగలంతా కూడబెట్టిన పిండిపదార్థం రాత్రికి ఖర్చయిపోయి ఉంటుంది కనుక జిగురు బాధ కొంత తగ్గుతుంది. గాలితిత్తుల వల్ల పోగులు తేలుతుంటాయి, సెంట్రిఫ్యూజ్‌లో సరిగా దిగవు. 5 మైక్రాన్ల పాలీకార్బనేట్ ఫిల్టర్ మీద, వాక్యూమ్ బాగా తగ్గించి వడకట్టి, స్టెరైల్ మీడియంతో కడగాలి. విడిగా తిరిగే బాక్టీరియా చాలావరకు కిందికి పోతుంది, పోగులకు అంటుకున్నది పోదు.

లాంగ్ రీడ్లు (ఒక్కసారిగా చదివే పొడవాటి డీఎన్ఏ వరుసలు) కావాలంటే బీడ్ బీటింగ్ (పూసలతో కుదిపి కణాలు పగలగొట్టడం) వద్దు. లైసోజైమ్, ప్రొటీనేజ్ కె, ఆ తర్వాత 65 డిగ్రీల దగ్గర సీటాబ్ (CTAB) అనే డిటర్జెంటు. సీటాబ్ కలిపేటప్పుడు ఉప్పు 0.7 మోలార్‌కు తగ్గిందంటే జిగురుతోపాటు డీఎన్ఏ కూడా పేరుకుని పోతుంది. 1.4 ఉంచితే నిశ్చింత. క్లోరోఫామ్ అయ్యాక డీఎన్ఏ శుద్ధిని చూపే 260/230 నిష్పత్తి ఇంకా 1 దగ్గరే వేలాడుతుంటే ఇక్కడ ట్యూబు పారేసి "ఇంకో లీటరు పెంచు" అంటారు. రెట్టింపు కావడానికే రెండు మూడు రోజులు తీసుకునే జీవి ఇది, అది తలుచుకుంటేనే ఒళ్లు మండుతుంది. అదే డీఎన్ఏను 2 మోలార్ ఉప్పులో కరిగించి ఇథనాల్‌తో మళ్లీ దింపితే పాలీశాకరైడ్లు చాలావరకు ద్రవంలోనే ఉండిపోతాయి. 70 శాతం ఇథనాల్‌తో రెండుసార్లు కడిగితే ఉప్పూ పోతుంది. హబ్సిగూడలో ఏ సీనియర్ని అడిగినా "ఉన్నదాన్నే ఇంకోసారి దింపి చూడు తమ్మీ" అంటాడు, అది పేదరికం నేర్పిన మాటే కావచ్చు, కానీ కెమిస్ట్రీ కూడా అదే చెబుతోంది. తూకానికి మాత్రం నానోడ్రాప్‌ను నమ్మకండి, అది ఆర్ఎన్ఏనూ కలిపి చూపిస్తుంది. డీఎన్ఏను మాత్రమే కొలిచే క్యూబిట్‌లో 1 మైక్రోగ్రామ్ వస్తేనే లైబ్రరీకి దిగండి.

ఒక్కటి ఒప్పుకోవాలి. కల్చర్ కాపాడటంలో ఈ జర్మనీవాళ్ల శ్రద్ధకు దండం పెట్టాలి. 27 డిగ్రీలు, 12 గంటల వెలుగు, ఆదివారమైనా తప్పని ట్రాన్స్‌ఫర్.

అసెంబ్లీకి, అంటే రీడ్లను కలిపి జీనోమ్ కూర్చడానికి, ఫ్లై (Flye) ప్రోగ్రామ్‌ను మెటా మోడ్‌లో (పలు జీవుల డీఎన్ఏ కలిసి ఉన్నప్పుడు వాడేది) నడపండి. ఈ జీనోమ్‌లో ప్రొటీన్లకు కోడ్ చేసే భాగం సుమారు 60 శాతమే, పైగా రిపీట్లు ఎక్కువ. షార్ట్ రీడ్లతోనే కూర్చోబోతే ముక్కలు ముక్కలవుతుంది. జీసీ (జి, సి బేసుల వాటా) 34 శాతం దగ్గర ఉన్న కాంటిగ్‌లను (కూర్చగా వచ్చిన ముక్కలను) పక్కకు తీస్తే, జీసీ ఎక్కువుండే ప్రొటియోబాక్టీరియా చాలావరకు విడిపోతాయి. ఒక్కో కణంలో జీనోమ్ కాపీలు చాలా ఉంటాయి కనుక డెప్త్ (ఒక్కో చోటు ఎన్నిసార్లు చదవబడిందన్నది) కూడా సాయం చేస్తుంది. నత్రజని స్థాపనకు గుర్తయిన నిఫ్ హెచ్ జీన్ కనిపించగానే సంబరపడొద్దు. అంటుకున్న బాక్టీరియాలోనూ నత్రజనిని స్థాపించేవి ఉంటాయి, అదే కాంటిగ్ మీద చుట్టుపక్కల ఏ జీన్లున్నాయో చూశాకే లెక్కలోకి తీసుకోవాలి.

హైదరాబాద్‌కు సముద్రం లేదు, ఎండాకాలం బంగాళాఖాతంలో తేలే ట్రైకోడెస్మియం కోసం వైజాగ్ పోవాల్సిందే. నీళ్లను ఐసు డబ్బాలో పెట్టి తేవద్దు, ఆ చలికి పోగులు పగిలి డీఎన్ఏ నీళ్లపాలవుతుంది. అక్కడే వడకట్టి, ఫిల్టర్‌ను మడిచి ప్రిజర్వేటివ్ బఫర్‌లో ముంచేస్తే గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో మామూలు సంచీలోనే తెచ్చుకోవచ్చు.