మిగిలిపోయిన తెల్ల కాయితాలు

ఏడాది పరీక్షలు అయిపోయిన మర్నాడు మా నాయన మా ముగ్గురి పాత నోటు పుస్తకాలూ వరండాలో కుప్ప పోయించేవాడు. ప్రతి పుస్తకం చివరా రాయకుండా మిగిలిపోయిన తెల్ల కాయితాలుంటాయి కదా, వాటిని చిరక్కుండా జంటలు జంటలుగా ఊడదీసి, గీతలవి ఒక పక్క, గీతల్లేనివి ఒక పక్క పెట్టి, అంచులు నేలకేసి తట్టి సమం చేసి, దబ్బనంతో మూడు బొక్కలు పొడిచి, నూలుదారానికి కొవ్వొత్తి రుద్ది కుట్టేవాడు. పైన అట్టకు పాత క్యాలెండరు కాయితం, తెల్లవైపు బయటికి. జూన్‌లో బడి తెరిచేసరికి ఒక్కొక్కరికి రెండు రఫ్ నోట్సులు తయారు. అట్లా కుట్టిన పుస్తకం ఒకటి నెల్లూరు మూలాపేటలో మా అమ్మ బీరువాలో ఇంకా ఉంది, దాంట్లో నా ఏడో తరగతి లెక్కలున్నాయి. నాయన పోయి తొమ్మిదేళ్లయింది, ఆ కుట్టు మాత్రం ఒక్క పోగు కూడా వదల్లేదు.

నేను డాలస్ దగ్గర ఉండబట్టి పద్నాలుగేళ్లు. పాపకు పదకొండు, బాబుకు ఏడు. ఇద్దరికీ తెలుగు అర్థమవుతుంది, పాప మాట్లాడుతుంది, ఆదివారం తెలుగు బడి పుణ్యాన కూడబలుక్కుని రాస్తుంది కూడా. బాబుకు సగం సగమే. అమ్మమ్మతో వారానికి రెండు వీడియో కాల్స్. "తిన్నావా నాయనా", "తిన్నా అమ్మమ్మా", "ఏం తిన్నావు", "పాస్తా", అక్కడితో మాటలు అయిపోతాయి, ఫోను నా చేతికొచ్చేస్తుంది. ప్రేమ లేక కాదు, ఇద్దరి మధ్యా పట్టుకోవడానికి ఒక వస్తువు లేక. ఫోన్లో నెల్లూరు ఫోటోలు వేలల్లో ఉన్నాయి, తీసినప్పుడు చూసిందే, మళ్లీ ఎవరూ తెరవరు.

ఒకసారి ఆన్‌లైన్లో ఫోటో బుక్ చేయించాను. మంచి కాయితం, మంచి రంగులు, ఖరీదూ బాగానే అయింది. ఫోటోల కింద తెలుగులో పేర్లు టైపు చేసి పంపాను. వచ్చిన పుస్తకంలో ఒత్తులన్నీ విడిపోయి ఉన్నాయి. 'అమ్మమ్మ' అన్నచోట మకు పొల్లు, పక్కన ఇంకో మ. 'నెల్లూరు' కూడా అంతే. స్క్రీన్ మీద సరిగ్గానే కనిపించింది, అచ్చులోకి వచ్చేసరికి విరిగింది. అడిగితే మీ భాషకు మా దగ్గర సపోర్టు లేదని జవాబొచ్చింది. పాప ఆ పేజీ చూసి, "అమ్మా, ఇక్కడ అమ్మమ్మ అని లేదు కదా" అంది. నాకు నిజంగానే ఏడుపొచ్చింది. చేత్తో రాస్తే ఏ ఒత్తూ విరగదు కదా అని ఆ రాత్రి అనుకున్నా.

2024 వేసవిలో ఆరు వారాలు నెల్లూరులో ఉన్నాం. ఈసారి పిల్లలతోనే పుస్తకం కుట్టించాలి, అదీ మా నాయన దబ్బనంతోనే అని గట్టిగా అనుకుని వెళ్లాను. ట్రంకు రోడ్డులో ఒక స్టేషనరీ కొట్లో మందపాటి తెల్ల కాయితం ఒక దస్తా అడిగాను. దస్తా అంటే 24 ఠావులు. 20 పుస్తకానికి, 4 పాడుచేసుకోవడానికి అని బాబుకు చెప్తే, పాడుచేసుకోవడానికి కూడా కాయితాలు కొంటారా అని వాడికి ఒకటే సంబరం.

నాలుగు ఠావులు కలిపి మధ్యకు మడిస్తే ఎనిమిది ఆకులు, పదహారు పేజీల కట్ట. అట్లాంటివి అయిదు, మొత్తం 80 పేజీలు. మడిచే ముందు ఒకటి చూసుకోవాలి, ఇది తెలియక డాలస్‌లో నేను కుట్టిన మొదటి పుస్తకం పేజీలు ఎప్పుడూ లేచి నిలబడేవి. మిల్లులో కాయితం తయారయ్యేటప్పుడు దాని నార ఎక్కువగా ఒకే దిక్కుకు తిరిగి పడుతుంది. ఠావును మెల్లగా అటొకసారి ఇటొకసారి వంచి చూస్తే ఒకవైపు సులువుగా వంగుతుంది, ఇంకోవైపు మొరాయిస్తుంది. సులువుగా వంగినవైపే మడత రావాలి, అంటే నార కుట్టు పడే వెన్నుతో పాటు పైనుంచి కిందికి ఉండాలి. పాప కళ్లు మూసుకుని చేతులతోనే కనిపెట్టడం నేర్చుకుంది. ప్రతి మడతలోనూ అయిదు బొక్కలు, అన్ని కట్టల్లోనూ ఒకే కొలతలో. దాని కోసం ఒక అట్టముక్క మీద గుర్తులు పెట్టుకున్నాం. దారం పొడవు పుస్తకం ఎత్తుకు అయిదింతలు, ఇంకా ఒక జానెడు. కుట్టేటప్పుడు దారాన్ని మడత వెంట లాగాలి గానీ కాయితానికి అడ్డంగా లాగితే బొక్క చిరిగిపోతుంది. బాబు రెండు చింపాడు. వాటికి పల్చటి కాయితం పట్టీ అతికించి మళ్లీ పొడిచాం.

అట్టల దగ్గరకొచ్చేసరికి నాకు ధైర్యం చాల్లేదు. కోర్టు కాయితాలూ కాలేజీ రికార్డులూ బైండింగ్ చేసే ఒక పెద్దాయన దగ్గరకు పిల్లల్ని తీసుకుపోయాను. ఆయన చెక్క ప్రెస్సు, అట్టలకు వేసే కాలికో గుడ్డ చుట్టలు, బంక డబ్బా అన్నీ ఓపిగ్గా చూపించాడు. ఆ బంక కొంచెం నీలంగా ఉంది. పురుగు పట్టకుండా మైదాలో మైలుతుత్తం కలుపుతారు, అది విషం, అందుకని పిల్లల్ని ముట్టుకోనివ్వలేదు. ఇంట్లో మాకు ఏ రోజుకారోజు కాచుకున్న ఉత్త మైదా బంక, వెన్నుకు ఫెవికాల్. ఆయన చెప్పిన మాట ఒకటి నాకు బాగా పనికొచ్చింది. "అట్టకు ఒకవైపే అతికిస్తే ఆరేకొద్దీ ఆ వైపుకు లాక్కుపోద్దమ్మా, లోపల కూడా అతికించండి, రెండు పక్కలా లాగితే అది తిన్నగా ఉంటది. రాత్రంతా బరువు పెట్టండి." బరువుకు మా అమ్మ సన్నికల్లు ఇచ్చింది. పైగుడ్డకు తన పాత వెంకటగిరి చీర కొంగు కత్తిరించి ఇచ్చింది, కత్తెర పెట్టేటప్పుడు మాత్రం మొహం పక్కకు తిప్పుకుంది. పల్చటి నేత గుడ్డను నేరుగా అతికిస్తే బంక పైకి ఊరి మచ్చలు పడతాయి, ముందు వెనకవైపు సన్న కాయితం అతికించి, ఆరినాక వాడుకున్నాం.

పుస్తకం తయారయ్యాక అమ్మ నాలుగు మూలలా పసుపు పెట్టి, మొదటి పేజీ పైన శ్రీ రాసింది. ఇక రాయమని పాపకిచ్చాం. అది రెండు పేజీలు ఏకబిగిన రాసింది. నేను చేసిన తప్పు ఇక్కడే ఉంది. "నాకు వేడి ఉంది" అని రాసింది, ఉక్కగా ఉంది అనాలని దిద్దాను. "అమ్మమ చాపల పులుసు చేసాడు" అని రాసింది, ఒత్తు పెట్టి, చాపను చేప చేసి, చేసాడును చేసింది చేశాను. అదీ ఎర్ర పెన్నుతో. పాప ఏం మాట్లాడలేదు, పుస్తకం మూసి బల్ల మీద పెట్టింది. నాలుగు రోజులు తెరవలేదు. బతిమాలాను, ఐస్‌క్రీమ్ అన్నాను, ఊహూఁ. ఎన్ని గంటలు కష్టపడి కుట్టింది, తన పుస్తకంలో మొదటి పేజీ మీదే నేను ఎర్రగీతలు గీశాను.

అయిదో రోజు మా అమ్మ ఏమీ అనకుండా తన పద్దుల పుస్తకం తెచ్చి పాప ఒళ్లో పెట్టింది. మేం చిన్నప్పటి ఇంటి ఖర్చులు. పాలు, చాపలు, ఇస్త్రీ, పిల్లల ఫీజులు. అమ్మ చదువు అయిదో తరగతి, మాట్లాడినట్టే రాస్తుంది. 'చాపలు' అనే ఉంది, ప్రతి పేజీలోనూ. 'యాబయి రూపాయలు ఇయ్యాల' అని ఉంది. పాప వేలు పెట్టి ఒక్కో అక్షరం చదువుతూ ఒక్కసారిగా తలెత్తి, "అమ్మమ్మా, నువ్వు కూడా చాపలు అని రాశావు!" అని కేక పెట్టింది. "మనం అట్టనే గదమ్మీ అనేది" అంది అమ్మ. ఆ సాయంత్రం ఇద్దరూ ఆ పుస్తకంలోనే ఉన్నారు, నన్ను ఎవరూ ఏమీ అడగలేదు. ఇస్త్రీ బట్టల లెక్క నుంచి మా నాయన చొక్కాల దాకా, ఆయన బడికి వేసుకుపోయే తెల్ల చొక్కా మీద సిరా మరక దాకా కథలు పోయాయి. పాపకు తెలియని మాట వస్తే అమ్మ చేత్తో చేసి చూపించింది. వీడియో కాల్‌లో మూడేళ్లుగా జరగనిది ఇది.

నేను దిద్దిన ఆ రెండు పేజీల మీద పాప కొత్త కాయితం అతికించి మళ్లీ రాసుకుంది. 'చాపల పులుసు' అలాగే ఉంచింది. 'వేడి ఉంది' కూడా. ఒత్తు మాత్రం తనే పెట్టుకుంది. పదకొండేళ్ల వయసులో నా కూతురి తెలుగు ఇట్లా ఉండేదని ఆ పేజీ ఒక్కటే చెప్తుంది, దాన్ని నేను సరిచేస్తే అది నా తెలుగవుతుంది. ఇప్పుడు అడిగితేనే చెప్తాను, పుస్తకం మీద పెన్ను పెట్టను.

పాపకు స్క్రాప్‌బుక్ పని అక్కడి స్నేహితుల దగ్గరే తెలుసు, రంగు టేపులు, స్టిక్కర్లు ఒక పెట్టెడు వెంట తెచ్చుకుంది. అమ్మ పెళ్లి ఫోటో మీద ఎప్పుడో వేసిన సెల్లోటేపు పసుపు మరకగా మారి ఉంటే, టేపు జిగురు పాతబడితే అంతేనని, న్యూస్‌పేపర్ పక్కన ఫోటో పెట్టినా పాడవుతుందని, యాసిడ్ లేని కాయితం వాడాలని వాళ్ల అమ్మమ్మకు పాఠం చెప్పింది. మేం ఫోటోలకు బంక రాయలేదు, పాత ఆల్బమ్‌లలో ఉండే నల్ల మూలల్లాంటివి కాయితంతో మడిచి చేసుకుని వాటిలో దోపాం. మైపాడు బీచికి పోయిన బస్సు టికెట్టు ఒకటి అతికించాలని బాబు పట్టు. కండక్టరు మిషన్‌లో కొట్టిచ్చే ఆ కాయితం మీద అచ్చు వేడికి పడేదే తప్ప సిరా కాదు, కొన్నాళ్లకు వెలిసిపోతుంది. జెరాక్సు తీయించి అది అతికించి, పక్కన తేదీ పెన్సిల్‌తో రాయించాం. కాగితం పూలు మాత్రం పుస్తకాల మధ్య పెడితే చక్కగా ఆరాయి, రేకు పల్చన కాబట్టి. మల్లెపూలు నల్లబడి పోయాయి, బాబు చాలా బాధపడ్డాడు.

ఆ జూలైలోనే మొహర్రం పడింది, రొట్టెల పండగ మా సెలవుల్లోకి వచ్చింది. బారాషహీద్ దర్గా పక్కన స్వర్ణాల చెరువులో మోకాళ్ల లోతు నీళ్లలో నిలబడి, ఏ మతం ఏ ఊరు అని లేకుండా జనం రొట్టెలు మార్చుకుంటుంటే పిల్లలు నోరెళ్లబెట్టి చూశారు. కోరిక ఉన్నవాళ్లు రొట్టె పట్టుకుంటారు, తీరినవాళ్లు మరుసటి ఏడు వచ్చి రొట్టె వదులుతారు. చదువు రొట్టె, ఉద్యోగం రొట్టె, పెళ్లి రొట్టె, ఇల్లు రొట్టె, దేనికి దానికి పేరు పెట్టి పిలుస్తున్నారు. బాబు చదువు రొట్టె పట్టుకున్నాడు. "తెలుగు చదువా, ఇంగ్లీషు చదువా?" అని నన్నడిగాడు, నీ ఇష్టం అన్నాను. ఇంటికొచ్చి తినే ముందు ఆ రొట్టెను ఒక కాయితం మీద పెట్టి చుట్టూ పెన్సిల్‌తో గీశాడు. లోపల నెయ్యి మరక పడింది, దాన్ని తుడవనివ్వలేదు. దాని పక్క పేజీలో అదే కొలతలో ఖాళీ గుండ్రం ఇంకోటి గీసి పెట్టాడు, వదిలే రొట్టెకట.

ఇట్లా అతికిస్తూ పోతే పుస్తకం ముందువైపు నోరు తెరుచుకుంటుంది, వెన్ను దగ్గర సన్నగా, అంచు దగ్గర లావుగా. అందుకని అతికించే వస్తువులకు వేరే పుస్తకం పెట్టాం. విడి ఆకులు, ప్రతి ఆకు తర్వాత వెన్ను దగ్గర అంగుళం వెడల్పు పట్టీ ఒకటి, లావు సరిపోవడానికి. రెండు బొక్కల్లోంచి తాడు దూర్చి ముడేశాం, కుట్టలేదు. తాళపత్రాలు కట్టేది ఇట్లాగే కదా, ఆకుకు బొక్క, దాంట్లోంచి తాడు, పైనా కిందా చెక్క. ముడి విప్పితే ఎప్పుడైనా కొత్త ఆకు చేర్చుకోవచ్చు.

తిరుగు ప్రయాణంలో ఏ పుస్తకం ఎక్కడ అన్నది పెద్ద చర్చ అయింది. తాడు పుస్తకంలో వరికంకి ఉంది, వడ్లను అమెరికాలోకి రానివ్వరు. నా చిన్నప్పటి తెలుగు వాచకంలో పిల్లలు పెడుతుందని పెన్సిల్ చెక్కు మేత వేసి దాచుకున్న నెమలీక కూడా ఇప్పుడు దాంట్లోనే ఉంది, నెమలీకను దేశం దాటించకూడదు. కాబట్టి కుట్టిన పుస్తకం మాతో, తాడు పుస్తకం అమ్మతో. బాబు సూట్‌కేసు సర్దుతూ పుస్తకానికి కాలు తగిలితే, ఎవరూ చెప్పకుండానే వంగి కళ్లకద్దుకున్నాడు. డాలస్‌లో అయిదేళ్లుగా నేను చెప్తూనే ఉన్నా ఎందుకని ప్రశ్నే తప్ప చేసింది లేదు. ఈ పుస్తకం వాడు చేసింది.

మొన్న సంక్రాంతికి ఫోన్ చేస్తే అమ్మ కళ్లజోడు పెట్టుకుని, తాడు పుస్తకం ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ముడి విప్పించి తనే రెండు ఆకులు చేర్చింది. ఒకదాని మీద మా ఇంటి ముందు వేసిన ముగ్గు, చుక్కలతో సహా, పెన్సిల్‌తో. రెండోదాని మీద చాపల పులుసు ఎట్ట పెట్టాలో, మామిడికాయ ముక్కలు ఎప్పుడు వేయాలో సగం దాకా రాసి ఉంది. పాప స్క్రీన్‌కు మొహం ఆనించి గట్టిగా చదువుతోంది, ఆగి ఆగి, ఒక్కో మాట. కింద చివరి లైను దగ్గర అక్షరాలు చిన్నవయ్యాయి, అమ్మ పుస్తకం కెమెరాకు ఇంకా దగ్గరగా పెట్టింది.

"మిగతాది మీరొచ్చినాక" అని రాసుంది.