ఊళ్లో 1098 మీటింగు: మాకు పని నేర్పిన తప్పులు

వరంగల్ చుట్టుపక్కల ఊళ్లలో పిల్లల రక్షణ మీద, పిల్లల హెల్ప్‌లైన్ నంబరు 1098 మీద మీటింగులు మొదట పొద్దున పదకొండింటికి పంచాయతీ ఆఫీసులో పెట్టేవాళ్లం. పింఛను సంగతి అనుకొని ముసలోళ్లు వచ్చేవారు. పత్తి ఏరేటప్పుడు, ఆ తర్వాత మిర్చి ఏరేటప్పుడు పగలు ఊళ్లో తల్లిదండ్రులు ఎందుకుంటారు? ఇప్పుడు రాత్రి ఏడున్నరకు, మహిళా సంఘం కిస్తీలు కట్టే రోజు చూసుకొని, వాడకట్టులోనే చాపలు పరుస్తున్నాం. ఇరవై మంది దాటితే ఎవరూ నోరు విప్పరు. అందుకే వాడకో మీటింగు.

చట్టాల పేర్లతో మొదలుపెడితే పది నిమిషాల్లో ఆవలింతలే. పిల్ల కష్టంలో ఉందని చెప్పే గుర్తులతో మొదలుపెడతాం. మధ్యాహ్న భోజనంలో మూడోసారి కంచం పట్టే పిల్లవాడు, చంటిదాన్ని చంకనేసుకొని బడికొచ్చే పిల్ల, ఫలానా ఇంటికి పోయి రమ్మంటే ఏడ్చే పిల్ల, ఎండాకాలంలోనూ పొడుగు చేతుల చొక్కా విప్పనివాడు. ఒక్క గుర్తుతో ఏదీ తేల్చొద్దు. రెండు మూడు కలిసి, వారాల తరబడి కనిపిస్తే మాత్రం ఊరుకోవద్దు.

పేదరికాన్నీ నిర్లక్ష్యాన్నీ ఒకే గాటన కట్టడం మేమూ చేసిన తప్పే. భర్త పోయిన తల్లి కూలికి పోతూ ఏడేళ్ల పిల్లకు చంటివాణ్ణి అప్పగిస్తే, ఆమెకు కావలసింది పోలీసు కాదు. మిషన్ వాత్సల్య అనే ప్రభుత్వ పథకం కింద పిల్ల కోసం స్పాన్సర్‌షిప్ సాయం నెలకు 4,000 రూపాయలు వస్తుంది. పల్లెలో ఏడాది ఆదాయం 72,000 దాటకూడదు. దరఖాస్తు జిల్లా బాలల పరిరక్షణ విభాగంలో ఇవ్వాలి. బడి రిజిస్టరులో ఒక పేరు, ఆధార్‌లో ఇంకో పేరు ఉంటే కాగితం అక్కడే ఆగిపోతుంది, కాబట్టి ముందు అది సరిచేయించండి.

ఇక ఫోన్. 1098కు డబ్బులు పడవు, రాత్రీ పగలూ ఎత్తుతారు, మన పేరు చెప్పనక్కర్లేదు. చెప్పాల్సింది సరిగ్గా చెప్పకపోవడమే ఇబ్బంది. పాత వరంగల్ జిల్లా 2016లో ముక్కలైంది, 2019లో ములుగు విడిపోయింది, 2021లో వరంగల్ అర్బన్ కాస్తా హనుమకొండ అయింది. జనం నోట మాత్రం ఇప్పటికీ అంతా ‘వరంగల్ జిల్లా’యే. మహబూబాబాద్ జిల్లా పిల్ల గురించి అలా చెబితే కబురు ముందు వేరే జిల్లాకు పోతుంది, గంటలు పోతాయి. అందుకే మీటింగులో అందరిచేతా పలికిస్తాం: ఊరు, మండలం, ఇప్పటి జిల్లా, పిల్ల వయసు, ఇప్పుడు ఎక్కడుంది, కొట్టినవాళ్లు అదే ఇంట్లో ఉన్నారా.

‘సాక్షిగా కోర్టు చుట్టూ తిప్పుతారేమో, మన మీదే కేసు పెడతారేమో’ అన్నది అన్నిటికన్నా పెద్ద భయం. నమ్మి, మంచి ఉద్దేశంతో సమాచారం ఇచ్చినవాళ్ల మీద కేసు పెట్టడానికి పోక్సో, అంటే పిల్లల మీద లైంగిక నేరాల చట్టం, ఒప్పుకోదు. తిరకాసు ఎక్కడంటే, లైంగిక నేరం జరిగిందని తెలిసీ పోలీసులకు చెప్పకపోతే ఆరు నెలల దాకా జైలు.

పిల్ల మొదట చెప్పుకునేది అవ్వకో, టీచరుకో. వాళ్లకు మేం చెప్పేది ఒక్కటే, తవ్వి తవ్వి అడగొద్దు. పిల్ల అన్న మాటలు అన్నట్టే, తేదీ వేసి రాసిపెట్టాలి. పదిమంది పదిసార్లు చెప్పిస్తే మాట మారుతుంది, కోర్టులో అవతలి వకీలు పట్టుకునేది దాన్నే. బట్టలు ఉతకొద్దు. ప్లాస్టిక్ కవర్లో పెడితే తేమకు ఆనవాళ్లు చెడతాయి, కాగితంలో చుట్టాలి. ఎఫ్ఐఆర్ లేదని ఆసుపత్రివాళ్లు వైద్యం ఆపకూడదు. పిల్ల దగ్గరికి పోలీసు యూనిఫాంలో రాకూడదు, ఇంట్లోనో పిల్లకు నచ్చిన చోటో వాంగ్మూలం తీసుకోవాలి, వీలైనంత వరకు మహిళా ఎస్సై. రాత్రిపూట పిల్లను స్టేషన్‌లో ఉంచకూడదు. విషయాన్ని 24 గంటల్లో బాలల సంక్షేమ కమిటీకి తెలపాలి. ఇవన్నీ తల్లికి ముందే తెలిసుంటే గడప దగ్గరే అడగగలదు.

మాకు చేతకానిది ఇంకా ఒకటుంది, పెద్దమనుషుల పంచాయతీ. ‘పిల్ల బతుకు ఆగమైతది, ఇంత తీసుకొని ఊకోండి’ అంటారు. ఈ నేరానికి రాజీ లేదు, కాగితం రాసుకున్నా చెల్లదు. ఈ మాట మేం చెప్తే వినరు. ఠాణా నుంచి ఎస్సై వచ్చి సర్పంచ్ పక్కన కూర్చొని చెప్తే తలూపుతారు, ఆ తలూపుడు ఎన్నాళ్లుంటుందో వేరే మాట. ఊరి వాట్సాప్ గ్రూపులో ‘న్యాయం చేయాలి’ అంటూ పిల్ల ఫొటో తిప్పేవాళ్లు ఇంకో రకం. పేరు గానీ ఫొటో గానీ బయటపెట్టడం కూడా నేరమే.

మీటింగు అయ్యాక చాపలు మడిచేందుకు కావాలనే ఇరవై నిమిషాలు పట్టిస్తాం. అడగాల్సిన వాళ్లు అప్పుడే దగ్గరికొస్తారు.

నంబరు ఫ్లెక్సీ కొట్టించడం మానేశాం. వారం తిరగకముందే అది ఎవరి పత్తి కుప్ప మీదో కప్పి కనిపించేది. ఇప్పుడు గోడకే రంగు వేయిస్తున్నాం. మొదట పెద్దవాళ్ల కళ్ల ఎత్తున రాయించాం. ఇప్పుడు బడి నల్లా పక్కన, నేల నుంచి మూడడుగుల ఎత్తున, పిల్లలు కంచాలు కడుక్కునే చోట.