ఎనిమిదో నెల నొప్పులు

నాకు నొప్పులు పొట్టలో మొదలవలేదు. నడుము కింద మొదలయ్యాయి, 31వ వారంలో. మే నెల, అమలాపురం దగ్గర మా పుట్టిల్లు. బహిష్టుకి ముందు వచ్చే లాగుడు లాంటిదే, కాకపోతే వస్తోంది, పోతోంది, మళ్ళీ వస్తోంది. పొత్తికడుపు కిందికి దిగినట్టు బరువు. తెల్లబట్ట కూడా నీళ్ళలా ఎక్కువైంది.

"వేడి చేసిందే, ఎండలు చూడు ఎలా ఉన్నాయో" అంటూ అమ్మ సగ్గుబియ్యం జావ, కొబ్బరినీళ్ళు తెచ్చింది. కోనసీమలో ఏ జబ్బుకైనా మొదటి మందు కొబ్బరినీళ్ళే కదా. తాగి ఎడమ పక్కకి తిరిగి పడుకున్నాను. దొంగ నొప్పులు మామూలుగా అలా సర్దుకుంటాయి. ఇవి సర్దుకోలేదు.

ఏఎన్ఎం గారికి ఫోన్ చేస్తే, "పొట్ట మీద అరచెయ్యి పెట్టి చూడమ్మా. గట్టిపడి మళ్ళీ మెత్తబడుతోందా? గడియారం చూడు" అన్నారు. పది నిమిషాలకోసారి గట్టిపడుతోంది. "నెలలు నిండకుండా గంటకి ఆరుసార్లంటే ఇంట్లో కూర్చునే పని కాదు. 108కి చెయ్యి" అన్నారు.

అమలాపురంలో చూసి, గర్భసంచి మూతి కొద్దిగా తెరుచుకుందన్నారు. పసిపిల్లల ఐసీయూ ఉన్న చోటికి, బిడ్డ కడుపులో ఉండగానే చేరడం క్షేమమని కాకినాడ పంపారు. ఎదుర్లంక వంతెన మీద గౌతమి దాటుతుంటే నాయనమ్మ మాటే గుర్తొస్తోంది: "ఏడో నెల బిడ్డ బతుకుతాడు గానీ ఎనిమిదో నెల బిడ్డ దక్కడు." కాకినాడలో డాక్టరమ్మని ముందు అడిగింది అదే. "ఎవరమ్మా చెప్పింది? లోపల ఎన్ని వారాలు ఎక్కువుంటే అంత మంచిది" అని కసిరారు. ఆ కసురుకే నాకు సగం టెన్షన్ పోయింది.

బిడ్డ ఊపిరితిత్తులు త్వరగా ఎదగడానికి 12 గంటలకొకటి చొప్పున నాలుగు డెక్సామెథాసోన్ ఇంజెక్షన్లు ఇచ్చారు. నొప్పులకి నిఫెడిపిన్. అది నిజానికి బీపీ బిళ్ళ, వేసుకోగానే మొహం వేడెక్కి తల పగిలిపోయేది. కాన్పుని నెలల తరబడి ఆపడానికి కాదట, ఇంజెక్షన్లు పనిచేసేలోపు రెండు రోజులు సంపాదించడానికట. మూత్రపరీక్షలో ఇన్ఫెక్షన్ బయటపడింది. నొప్పులు రావడానికి అదీ ఒక కారణం కావచ్చన్నారు. నాకు మంట లేదు, జ్వరం లేదు. మాటిమాటికీ వెళ్ళడమంటారా, ఎనిమిదో నెలలో వెళ్ళనిదెవరు? యాంటీబయాటిక్ మొదలుపెట్టాక నొప్పులు మెల్లగా సద్దుమణిగాయి.

ఇంటికి పంపేటప్పుడు బరువులు ఎత్తొద్దన్నారు గానీ, మంచానికే అతుక్కుపొమ్మని చెప్పలేదు. అలా పడుకుంటే కాన్పు ఆగుతుందనడానికి ఆధారం లేదు, పైగా కాళ్ళలో రక్తం గడ్డకట్టే ప్రమాదం ఉందన్నారు. అమ్మకి ఇది అస్సలు నచ్చలేదు. నన్ను గుమ్మం దాటనిచ్చేది కాదు.

బాబు 36వ వారంలో పుట్టాడు. ఊపిరికి ఇబ్బంది పడలేదు. వాడికి పాలు లాగే ఓపిక లేక, నా పాలే గిన్నెలోకి పిండి చెంచాతో పట్టేదాన్ని. కామెర్లకి కొన్నాళ్ళు లైటు కింద పెట్టారు. ఇప్పుడు వాడి వెనక పరిగెత్తలేక మా నాన్న రొప్పుతున్నారు.

మళ్ళీ కడుపు వస్తే మొదటి చెకప్‌లోనే ఈ సంగతంతా చెప్పమన్నారు. అప్పుడు 16వ వారం నుంచి స్కాన్‌లో గర్భసంచి మూతి పొడవు కొలుస్తారట. 25 మిల్లీమీటర్ల కన్నా తక్కువుంటే గర్భాన్ని నిలిపే హార్మోను ప్రొజెస్టెరాన్ మందో, ఆ మూతికి కుట్టు వెయ్యడమో ఆలోచిస్తారు. మా ఆయన ఆ డిశ్చార్జి కాగితాల్ని ఇంటి దస్తావేజుల పక్కన బీరువాలో పెట్టారు.