వెదురు బద్ద చెప్పిన గీత

ఫస్టియర్ వర్క్‌షాప్‌లో ఆ మధ్యాహ్నం మన బ్యాచ్‌లో చాలామందికి గుర్తుండే ఉంటుంది. పెద్ద వంపు గీయమంటే అందరం కాంపస్ కోసం వెతికాం. మాస్టారు ఏమీ అనకుండా పలక మీద ఐదారు మేకులు కొట్టి, సన్నగా చీల్చిన వెదురు బద్దను వాటి మధ్య వంచి, దాని వెంట పెన్సిల్ నడిపారు. "బద్దని బలవంతపెట్టకండిరా, అది ఒప్పుకున్నంతే వంపు" అన్నారు.

ముప్ఫై ఏళ్ల తర్వాత ఒహాయోలో, మా గరాజ్‌లో ఆ మాట అక్షరాలా పనికొచ్చింది. నేనూ మా అమ్మాయీ కలిసి టియర్‌డ్రాప్ ట్రైలర్ చేద్దామనుకున్నాం. కారు వెనక తగిలించుకుపోయే చిన్న పడకగది అది. పక్క నుంచి చూస్తే నీటిబొట్టు ఆకారం. లోపల ఇద్దరు పడుకోవచ్చు, వెనక తలుపు పైకెత్తితే వంటగట్టు. అమెరికాలో 1930ల నుంచి జనం వీటిని సొంతంగా చేసుకుంటున్నారు. 8 అడుగుల పొడవు, 4 అడుగుల ఎత్తు పెట్టుకుంటే ఒక పక్క గోడ ఒకే ప్లైవుడ్ షీటులో వచ్చేస్తుంది.

ముందు గరాజ్ నేల మీద సుద్దతో గీసి ఇద్దరం పడుకుని చూశాం. 4 అడుగుల వెడల్పు ఇరుకనిపించి 5 చేశాం. తర్వాత అడుగుకి అంగుళం లెక్కన గ్రాఫ్ కాగితం మీద బొమ్మ గీసి, ఆ బిందువులను గోడలకు అచ్చుగా వాడబోయే పావు అంగుళం హార్డ్‌బోర్డు మీదకు అసలు సైజులో ఎక్కించాం. ప్రతి బిందువు దగ్గరా ఒక మేకు. ఇక్కడ వెదురు దొరకలేదు, పైన్ చెక్క బద్ద తెచ్చాను. ముందు భాగంలో వంచుతుంటే కిర్రుమంది. నేను గీసిన వంపు మరీ బిగుతు. బద్దే వంగనన్నచోట రేపు పైకప్పు ప్లైవుడ్ మాత్రం వంగుతుందా? రెండు మేకులు పీకి బయటికి జరిపాను, బద్ద హాయిగా కూర్చుంది.

అచ్చు కోశాక అసలు టెన్షన్ మొదలైంది. వెనక తలుపు కీలు వచ్చేచోట కంటికి అంతా బాగానే ఉంది, అరచేత్తో నిమిరితే మాత్రం చిన్న బొడిపె తగిలింది. మాస్టారు చేసినట్టే ఒక కన్ను మూసి అంచు వెంట చూశాను. జానెడు మేర గీత ఉబ్బింది. పొడుగాటి చెక్కకు గరుకు కాగితం చుట్టి రెండు సాయంత్రాలు అదొక్కటే రుద్దాం. అంత పట్టుదల దేనికంటే, గోడలు రెండూ ఈ ఒక్క అచ్చు నుంచే వస్తాయి. చెక్క అంచులు కోసే రౌటర్ మిషన్‌కి, అచ్చును ఆనుకుని దొర్లే బేరింగ్ ఉన్న బిట్టు పెట్టి అచ్చు అంచు వెంట నడిపితే, అచ్చులో ఉన్న మంచీ చెడూ రెండూ గోడల్లోకి దిగుతాయి. గోడలు ఒకదానికొకటి సరిపోకపోతే పైకప్పు మెలిపడుతుంది, వెనక తలుపులోంచి వాన కారుతుంది. పక్క తలుపు, పైకప్పు అడ్డకర్రలు, ఇరుసు ఎక్కడెక్కడ రావాలో కూడా ఆ అచ్చు మీదే గుర్తులు పెట్టుకున్నాం.

వర్క్‌షాప్‌లో మనం చేసిన ప్రతి వస్తువు (జాబ్) మీదా మాస్టారు రోల్ నంబరు పంచ్ కొట్టించేవారు కదా. అచ్చు పూర్తయిన రాత్రి దాని మూలన పెన్సిల్‌తో నా నంబరు వేశాను. "ఇదేం కొలత నాన్నా?" అని అడిగింది మా అమ్మాయి.